గోల్ కొట్టినవాడికి దండ... ఆపినవాడికి?
డిఫెండర్‌తో కొత్త ఒప్పందం ముందే కుదుర్చుకోవాలా, ఆగి చూడాలా?

ఫుట్‌బాల్ పోటీ ముగిశాక గోల్ కొట్టిన కుర్రాణ్ణి భుజాలమీద ఎత్తుకుంటారు. మర్నాడు పేపర్లో అతని ఫోటోయే పడుతుంది. వెనకాల నిలబడి ఎదుటి జట్టు దాడుల్ని 90 నిమిషాలపాటు అడ్డుకున్న డిఫెండర్ పేరు చాలామందికి గుర్తుండదు. పడిన గోల్‌ను లెక్కపెట్టవచ్చు. పడకుండా పోయిన గోల్‌ను ఎవరు లెక్కపెడతారు?

కబడ్డీ తెలిసిన మన పల్లెల్లో ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కూతకు వెళ్ళి ఇద్దరు ముగ్గుర్ని తాకి వచ్చినవాడికి ఈలలు, చప్పట్లు. మూలన నిలబడి కూతగాడి కాలు ఒడిసిపట్టేవాడు లేకపోతే ఆ పాయింట్లన్నీ నిలిచేవి కావని ఆట తెలిసిన పెద్దలకే తెలుసు. చెరువు కట్ట సంగతీ అంతే. గండి పడినరోజునే అందరికీ కట్ట గుర్తుకు వస్తుంది.

డబ్బులిచ్చి ఆటగాళ్ళను పోషించే పెద్ద క్లబ్బులకు ఇదే ఒక చిక్కు ప్రశ్న. పెద్దగా పేరు లేని డిఫెండర్ ఒకడు బాగా ఆడుతున్నాడు. జీతం తక్కువ. ఒప్పందానికి ఇంకా ఏడాదో, ఏడాదిన్నరో గడువు ఉంది. ఇప్పుడే పిలిచి, జీతం పెంచి, కొత్త ఒప్పందం రాయించుకోవాలా? లేక గడువు దగ్గరపడేదాకా ఆగి, అప్పటి ఆట చూసి నిర్ణయించాలా?

ఆగితే డబ్బు మిగులుతుందని పైకి అనిపిస్తుంది. కాని జరిగిన సంగతులు చూస్తే ఆగినవారే ఎక్కువ పోగొట్టుకున్నట్లు కనిపిస్తుంది.

ఆరు నెలల గడువు

ఇక్కడ ఒక నిబంధన తెలుసుకోవాలి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ ఒప్పందం 1990లో ముగిసింది. అయినా తమకు రుసుం ముట్టనిదే వేరే క్లబ్బుకు వెళ్ళనివ్వబోమని అతని క్లబ్బు పట్టుబట్టింది. అతడు కోర్టుకు వెళ్ళాడు. గడువు తీరిన ఆటగాడిమీద పాత క్లబ్బు రుసుం అడగరాదని ఐరోపా న్యాయస్థానం 1995 డిసెంబర్ 15న తీర్పు చెప్పింది. దానితో ఫుట్‌బాల్ వ్యాపారమే మారిపోయింది.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం, ఒప్పందంలో ఆరు నెలలు మిగిలి ఉండగానే ఆటగాడు వేరే క్లబ్బుతో సంతకం చేయవచ్చు. గడువు తీరగానే సామాన్లు సర్దుకొని వెళ్ళిపోవచ్చు. పాత క్లబ్బుకు పైసా రాదు. అంటే రెండేళ్ళు మిగిలి ఉండగా మాట్లాడితే బేరం క్లబ్బు చేతిలో ఉంటుంది. ఏడాది మిగిలితే సమానం. ఆరు నెలలకు వచ్చేసరికి బేరమంతా ఆటగాడిదే.

ఊరికే వెళ్ళిపోయిన రూడిగర్

లండన్ నగరంలోని చెల్సీ క్లబ్బు సంగతి చూడండి. జర్మనీ డిఫెండర్ ఆంటోనియో రూడిగర్‌ను ఆ క్లబ్బు 2017లో దాదాపు 3 కోట్ల పౌండ్లు పెట్టి తెచ్చుకుంది. 2020 చివర్లో అప్పటి కోచ్ అతణ్ణి చాలా ఆటల్లో పక్కన కూర్చోబెట్టాడు. అతని పని అయిపోయిందనే అనుకున్నారు. 2021 జనవరిలో టామస్ టూకెల్ కోచ్‌గా వచ్చి అతణ్ణి మళ్ళీ జట్టులోకి తీసుకున్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2021 మే 29న, మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి చెల్సీ యూరప్ చాంపియన్ అయింది. ఆ రోజు రక్షణ శ్రేణిలో నిలబడిన వారిలో రూడిగర్ ఒకడు.

అప్పటికి అతని ఒప్పందంలో ఏడాదే మిగిలింది. జీతం దగ్గర మాట కుదరలేదు. నెలలు గడిచాయి. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. చెల్సీ యజమాని రష్యా దేశస్థుడు. మార్చి 10న బ్రిటిష్ ప్రభుత్వం అతని ఆస్తులను స్తంభింపజేసింది. క్లబ్బు కొత్త ఒప్పందాలు రాయరాదని ఆంక్ష పడింది. ఆ వేసవిలో రూడిగర్ స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్‌కు ఊరికే వెళ్ళిపోయాడు. మరో డిఫెండర్ క్రిస్టెన్‌సెన్ కూడా అలాగే బార్సిలోనాకు వెళ్ళాడు. ఇద్దరిమీద చెల్సీకి ఒక్క పౌండు రాలేదు.

ఆ ఖాళీ నింపుకోవడానికి చెల్సీ ఎంత పెట్టిందో తెలుసా? ఫొఫానా అనే ఒక్క డిఫెండర్‌కే సుమారు 7 కోట్ల పౌండ్లు. మన లెక్కలో 600 కోట్ల రూపాయల పైమాటే. అతడికి తోడు కూలిబాలీని కూడా కొన్నది. అయినా లీగ్‌లో 2021-22లో 33 గోల్స్ ఇచ్చి మూడో స్థానంలో నిలిచిన జట్టు, 2022-23లో 47 గోల్స్ ఇచ్చి 12వ స్థానానికి దిగజారింది. యజమాని మారడం, కోచ్‌లు మారడం కూడా దీనికి కారణాలే. కాని ఇంటి మనిషిని నిలుపుకోవడానికి వెనకాడి, బయటివాడికి ఎన్నో రెట్లు పోయవలసి వచ్చిన మాట నిజం.

యుద్ధం వస్తుందని చెల్సీ ఊహించలేదు నిజమే. ఊహించని కష్టం వచ్చినప్పుడు చేతిలో సంతకం ఉన్నవాడు నిలబడతాడు. ముందే రాయించుకోవడంలో అసలు లాభం ఇదే.

ఇంజను అమ్మి రంగు వేసినట్లు

అంతకు ముందు 2003లో రియల్ మాడ్రిడ్ కూడా ఇలాంటి పొరపాటే చేసింది. క్లోడ్ మెకలేలే ఆ జట్టులో రక్షణ శ్రేణికి ముందు నిలబడి, ఎదుటివారి కాళ్ళమీదనుంచి బంతి లాక్కొని తనవారికి అందించేవాడు. గోల్స్ కొట్టడం అతని పని కాదు. జిదాన్, ఫిగో, రొనాల్డో వంటి మహామహులు ధైర్యంగా ముందుకు దూసుకుపోయేవారంటే వెనక అతడు ఉన్నాడనే భరోసాతోనే. అతడున్న మూడేళ్ళలో జట్టు రెండుసార్లు స్పెయిన్ లీగ్, 2002లో యూరప్ కప్పు గెలిచింది.

ఆ పెద్ద తారలతో పోలిస్తే మెకలేలే జీతం చాలా తక్కువ. పెంచమని అడిగాడు. క్లబ్బు కాదన్నది. అదే వేసవిలో పేరు మోసిన బెక్‌హామ్‌ను భారీ మొత్తానికి కొన్నది. మెకలేలే చెల్సీకి వెళ్ళిపోయాడు.

తరవాత ఏమయింది? 2003-04 లీగ్‌లో మాడ్రిడ్ చివరి అయిదు ఆటలూ ఓడి నాలుగో స్థానంలో ముగించింది. మళ్ళీ లీగ్ గెలవడానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. మెకలేలే చేరిన చెల్సీ 2004-05లో 38 ఆటల్లో 15 గోల్స్ మాత్రమే ఇచ్చి, 50 ఏళ్ళ తరవాత ఇంగ్లండ్ లీగ్ గెలుచుకుంది. ఆ గెలుపులో కోచ్‌కు, గోల్‌కీపర్‌కు, మిగతా డిఫెండర్లకు వాటా ఉంది. మెకలేలే వాటా కూడా చిన్నదేమీ కాదు.

తొందరపడినా నష్టమే

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. ఇంగ్లండ్ డిఫెండర్ ఫిల్ జోన్స్‌తో మాంచెస్టర్ యునైటెడ్ 2019 ఫిబ్రవరిలో 2023 వరకు కొత్త ఒప్పందం రాసుకుంది. అప్పటికే అతణ్ణి గాయాలు వెంటాడుతున్నాయి. 2020 జనవరి తరవాత మోకాలి దెబ్బతో దాదాపు రెండేళ్ళు అతడు మైదానంలో దిగలేకపోయాడు. ఒప్పందం ఉంది కాబట్టి క్లబ్బు జీతం ఇస్తూనే ఉండవలసి వచ్చింది. తప్పు ఆటగాడిది కాదు. అతడు పడిన బాధ అతడికే తెలుసు. క్లబ్బే ముందు వెనకలు చూసుకోవలసింది.

అందువల్ల ముందే సంతకం అంటే కళ్ళు మూసుకొని సంతకం కాదు. వయసు చూడాలి. ఏడాదిలో ఎన్ని ఆటలకు అందుబాటులో ఉన్నాడో చూడాలి. అతడు ఉన్నప్పుడు జట్టుమీద ఎన్ని గోల్స్ పడ్డాయి, లేనప్పుడు ఎన్ని పడ్డాయి అని లెక్క తీయాలి. నేలమీద జారి బంతి తన్నేసే విన్యాసాలు చూసి మోసపోకూడదు. మంచి డిఫెండర్ చాలాసార్లు జారవలసిన అవసరమే రానివ్వడు. ముందే దారి మూసేస్తాడు. గ్యాలరీకి అది కనిపించదు, కోచ్‌కు కనిపించాలి.

ఒప్పందం రాసుకోవడంలోనూ తెలివి ఉండాలి. ఫిఫా నిబంధన ప్రకారం మామూలుగా అయిదేళ్ళకు మించి రాయకూడదు. మూడేళ్ళకు రాసి, ఆడిన ఆటల సంఖ్యనుబట్టి పై మొత్తం ఇస్తామంటే ఇద్దరికీ న్యాయం. గాయపడితే క్లబ్బు మునిగిపోదు. బాగా ఆడితే ఆటగాడి కష్టం వృథా పోదు.

ఆటగాడి వైపు నుంచి చూసినా ఇది మంచిదే. డిఫెండర్ సంపాదన కాలం పది పన్నెండేళ్ళు. ఒక్క మోకాలి దెబ్బతో అదీ ఆగిపోవచ్చు. రెండేళ్ళ తరవాత వచ్చే పెద్ద మొత్తం కంటె ఈనాడు చేతికి వచ్చే నికరమైన జీతం చాలామందికి ముఖ్యం.

హైదరాబాద్ చెప్పే పాఠం

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్‌కు ఘనమైన చరిత్ర ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. తరవాతి కాలంలో ఇక్కడి మెరికలు కలకత్తా క్లబ్బుల దారి పట్టారు. డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన భారత జట్టుకు ఆయనే నాయకుడు.

చాలా ఏళ్ళకు, 2019లో, ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్.సి. పేరుతో మనకో జట్టు వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం దాని సొంత మైదానం. మొదటి ఏడాది 18 ఆటల్లో 39 గోల్స్ ఇచ్చి అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ అనే కుర్రాళ్ళను, మణిపూర్ డిఫెండర్ చింగ్లెన్‌సనా సింగ్‌ను, స్పెయిన్‌కు చెందిన ఒనైందియాను కూర్చి వెనక గోడ కట్టాడు. 2020-21లో 20 ఆటల్లో ఇచ్చిన గోల్స్ 19. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి హైదరాబాద్ చాంపియన్ అయింది. 2022-23లో ఇచ్చిన గోల్స్ 16 మాత్రమే.

ఆ 2021-22లో 18 గోల్స్ కొట్టిన ఒగ్‌బెచే పేరు అందరి నోటా వినిపించింది. అది సబబే. కాని వెనక గోడలోంచి ఒక్కొక్క ఇటుకే ఊడిపోవడం ఎక్కువమంది గమనించలేదు. ఆశిష్ రాయ్ 2022లో కలకత్తాకు, ఆకాశ్ మిశ్రా 2023లో ముంబయికి వెళ్ళారు. కోచ్ కూడా 2023లో గోవాకు వెళ్ళిపోయాడు.

అంతలో క్లబ్బు ఆర్థికంగా దెబ్బ తిన్నది. జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్ళను తీసుకోరాదని ఫిఫా నిషేధం పెట్టింది. 2023-24లో జట్టు గెలిచింది ఒకే ఒక్క ఆట. 22 ఆటల్లో పడిన గోల్స్ 43. చింగ్లెన్‌సనా 2024లో బెంగళూరు చేరాడు. యాజమాన్యం మారింది కాని దశ తిరగలేదు. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. రహీం తీర్చిదిద్దిన నగరానికి ఆ లీగ్‌లో జట్టు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. హైదరాబాద్‌ను ముంచింది డిఫెండర్లు వెళ్ళిపోవడం ఒక్కటే కాదు, బకాయిలు. రెండు నెలల జీతం ఎగవేస్తే, 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి ఒప్పందం రద్దు చేసుకొనే హక్కును ఫిఫా నిబంధనలు ఆటగాడికి ఇచ్చాయి. అంటే అయిదేళ్ళకు రాయించుకున్న కాగితమైనా, నెలనెలా జీతం ముట్టకపోతే చిత్తు కాగితమే.

మాట, మూట

ఆపేవాణ్ణి ముందే పట్టుకోవాలి. అతని విలువ నలుగురికీ తెలిశాక ధర చుక్కలు చూస్తుంది, తెలియకముందు మాట్లాడుకుంటే ఇద్దరికీ అందుబాటులో ఉంటుంది. అయితే ఇస్తామన్నది ఇవ్వగల స్తోమత ఉన్నంతవరకే మాట ఇవ్వాలి. మాట ముందు, మూట తరవాత అయినా ఫరవాలేదు కాని, మాటే ఉండి మూట లేకపోతే ఏ జట్టూ నిలవదు.

సంక్రాంతికి ఊరి జట్లు కట్టే మన యువజన సంఘాలకు కూడా ఇందులో ఒక పాఠం ఉంది. కప్పు వచ్చిననాడు దండ వేసేముందు, ఈ ఏడాది మన వెనక నిలబడినవాడు ఎవడని ఒక్కసారి అడగండి. అతడి బూట్లకు, బస్సు చార్జీలకు సరిపడా డబ్బులు చేతిలో పెట్టి, వచ్చే ఏడాది కూడా నువ్వే ఉండాలని ఆరోజే చెప్పండి. పొరుగూరివాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగవద్దు.