సంచార వైద్య వ్యాను: కాళ్ళ కింద వేడి, చెవిలో మోత

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనాలు వచ్చినప్పటి నుండి ఊరిలోకే వచ్చే వైద్య వ్యాను మనకు కొత్త కాదు. కొన్ని ఆసుపత్రులు, సేవాసంఘాలు సరుకుల వ్యానునే కొని వైద్యానికి అనువుగా మార్పించుకుంటాయి. బల్ల, బీరువా, ఫ్యాను అన్నీ అమరుస్తారు గాని, నేల సంగతి చాలామంది మరచిపోతారు.

నేల ఎందుకు ముఖ్యం?

సరుకుల వ్యాను నేల పలుచని ఇనుప రేకు. దాని కింద సైలెన్సర్, పొగగొట్టం ఉంటాయి. ఎండకు కాగిన రోడ్డు వేడి కూడా రేకుకు తగులుతుంది. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారిన రోగి చెప్పులు విడిచి ఎక్కితే, కాలు కాలుతున్నా తెలియదు.

రెండవది శబ్దం. బి.పి. చూసేటప్పుడు స్టెతస్కోపులో వినిపించే చప్పుడు మెల్లనిది, మంద్రమైనది. ఇంజను గుర్రు కూడా అటువంటిదే. ఆ మోతలో మొదటి చప్పుడు వినబడకపోతే పై అంకె ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. మందు అవసరమైన వ్యక్తి మందు లేకుండానే ఇంటికి వెళ్ళవచ్చు. పైగా మోతలో రోగి తన బాధను గట్టిగా చెప్పవలసి వస్తుంది. బయట వరుసలో ఉన్నవారందరూ వింటారు.

నేలను ఎలా వేయించాలి?

1. రేకును శుభ్రపరచి, తుప్పును ఉప్పుకాగితంతో గీకి, ప్రైమర్ వేయాలి. రంధ్రాలు మూసివేయాలి.

2. రేకు అదురు తగ్గడానికి బ్యూటైల్ రబ్బరు షీటును ముక్కలుగా అతికించాలి. మొత్తం కప్పనవసరం లేదు. రేకులో సగం మేరకు, ముఖ్యంగా వెడల్పు భాగాల నడుమ అతికిస్తే చాలు.

3. దానిపై నీరు పీల్చని గట్టి ఫోము పరచాలి. ఇది వేడిని ఆపుతుంది. గాజు ఉన్ని నేలకు వద్దు. కడిగిన నీరు అందులో చేరితే వేడిని ఆపదు, కింద రేకు తుప్పు పడుతుంది. మెరిసే రేకు కాగితాన్ని రెండు పొరల నడుమ నొక్కివేసినా పెద్దగా ఫలితం ఉండదు. దాని పక్కన గాలి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది.

4. పైన 12 మిల్లీమీటర్ల నీటికి తట్టుకునే ప్లైవుడ్ వేయాలి. బోల్టులు ఇనుమును నేరుగా తాకితే వేడి, అదురు వాటి గుండా పైకి వస్తాయి. రబ్బరు వాషర్లు వాడాలి.

5. చివరగా జారని వినైల్ షీటును అతుకు లేకుండా పరచి, అంచులను గోడపైకి నాలుగు అంగుళాలు మడవాలి. అప్పుడు రక్తం, మందు ఒలికినా సందుల్లోకి పోకుండా తుడవవచ్చు.

జాగ్రత్తలు

రంధ్రం వేసే ముందు వ్యాను కింద చూడాలి. డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, తీగలు అక్కడే ఉంటాయి. సైలెన్సర్ పైన ఫోము కాలకుండా, కింద కొంత ఖాళీ వదిలి ఇనుప కవచం బిగించాలి. మంటను తట్టుకునే రకం ఫోమునే అడగండి. నేల ఎత్తు పెరుగుతుంది కనుక వృద్ధులకు అదనపు మెట్టు, పట్టుకొనే కడ్డీ పెట్టించండి. వాహనంలో మార్పులకు ముందే ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించి అనుమతి తీసుకోవాలి.

ఎంత మంచి నేల వేసినా, పరీక్ష జరిగేటప్పుడు ఇంజను ఆపడమే మేలు. జనరేటరును తలుపులకు, కిటికీలకు దూరంగా, గాలి వ్యాను వైపు వీచని చోట ఉంచాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. వ్యానులో ఉన్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి. స్పృహ తప్పినవారిని ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చండి.

ఈసారి వైద్య వ్యాను ఎక్కినప్పుడు ఇంజను మోత వినిపిస్తే, బి.పి. చూడక ముందే "కాస్త ఇంజను ఆపండి" అని అడగండి. అది మీ హక్కు, మీ ఆరోగ్యానికి మేలు.