ఇంటర్వ్యూలన్నియు ఒకటి కావు

మన యిళ్లలో పిల్లలు ఇంజనీరింగు చివరి సంవత్సరమునకు వచ్చినారనగానే చుట్టములందరు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇంటర్వ్యూ ఎప్పుడు?" పెండ్లిచూపుల వలె ఇదియు ఒక పూటలో తేలిపోవు వ్యవహారమని మన తలంపు. మొన్నమొన్నటి వరకు మేమును అట్లే అనుకొన్నాము. మేము ఎస్.ఎస్.ఎల్.సి. చదివి, బెంగళూరులో ఒక ఆఫీసులో పద్దులు వ్రాయు గుమాస్తాలము. ఒక శుక్రవారము ఇంటర్వ్యూకు పోయి, సోమవారము కుర్చీలో కూర్చొన్నవారము. మా పెద్దమ్మాయి కంప్యూటర్ సైన్సు చదివి, మూడు చోట్లకు పోయి వట్టి చేతులతో తిరిగి వచ్చిన పిమ్మట గాని, ఈ ఒక్క పేరు క్రింద నాలుగు విధములైన పరీక్షలు ఉన్నవని మాకు తెలియలేదు. తెలిసినది పదిమందికి పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట జరిగినది చెప్పెదము. మూడవ చోట అమ్మాయికి ఒక లెక్క ఇచ్చినారు. గడువు నలుబది అయిదు నిమిషములు. అమ్మాయి తల వంచుకొని ఇరువది నిమిషములు ఆలోచించినది. ఆలోచన సరియైనదే, కాని ఒక్క మాట పైకి రాలేదు. ఎదుటి అధికారి రెండు మారులు "ఏమి ఆలోచిస్తున్నావు?" అని అడిగినాడట. "ఒక్క నిమిషం సార్" అని మరల ఊరకున్నదట. వారము తిరిగిన తరువాత రెండు వాక్యముల ఈమెయిలు వచ్చినది. ఆ రాత్రి అన్నము తినకుండనే పడుకొన్నది.

"లెక్క వచ్చు నాయనా, చెప్పడమే రాలేదు" అన్నది.

పెద్దల యెదుట నోరు మూసుకొని నిలుచుటే మర్యాదయని చిన్ననాటినుండి నేర్పినవారము మేమే గదా! ఆ మాట మాకు ముల్లు వలె గ్రుచ్చుకొన్నది. మరునాటినుండి, ఇట్టి ఉద్యోగములలో చేరిన పిల్లలను ఒక్కొక్కరినే విచారించి, నోటు పుస్తకములో గీతలు గీచి వ్రాసుకొన్నాము. గుమాస్తా బుద్ధి వేరెట్లుండును? నాలుగు వరుసలు తేలినవి.

పెద్ద సేవా సంస్థలు

1968లో ఆరంభమైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, 1981లో పూనాలో పుట్టి 1983లో బెంగళూరు చేరిన ఇన్ఫోసిస్, సర్జాపుర రోడ్డులోని విప్రో మొదలగునవి ఈ కోవలోనివి. ఇవి ఇతర కంపెనీలకు కావలసిన సాఫ్ట్‌వేరును వ్రాసి, నడిపి, మరమ్మతు చేసి ఇచ్చునవి. పెద్ద సంఖ్యలో క్రొత్తవారిని చేర్చుకొని తామే శిక్షణ ఇచ్చెదరు. మైసూరులోని ఇన్ఫోసిస్ శిక్షణ కేంద్రము మనలో ఎందరికో తెలిసినదే. కనుక వీరు చూచునది "ఈ పిల్లకు అన్నియు వచ్చునా?" అని కాదు, "నేర్పిన నేర్చుకొనునా?" అని.

ముందు ఒక పరీక్ష ఉండును. టి.సి.ఎస్. వారు నడుపు నేషనల్ క్వాలిఫయర్ టెస్టు ఇట్టిదే. లెక్కలు, తర్కము, ఇంగ్లీషు, కొంచెము ప్రోగ్రామింగు అడిగెదరు. ఇవి కఠినమైనవి కావు, కాలము చాలదు. అందువలన గడియారము ఎదుట పెట్టుకొని సాధన చేయవలెను. తరువాత ఇంటర్వ్యూలో కాలేజీలో చేసిన ప్రాజెక్టును గూర్చి తప్పక అడిగెదరు. "ఇందులో నీ చేతితో చేసిన భాగమేది?" అన్న ప్రశ్నకు, డబ్బిచ్చి ప్రాజెక్టు కొన్న పిల్లలు నీళ్లు నమలుదురు. డేటాబేసు ప్రశ్నలు, ఆపరేటింగు సిస్టము మొదలగు పాఠపు మూలములు తిరుగవేసికొని పోవలెను.

చివర అడుగునది మన పెద్దలకు సంబంధించినది: "ఏ ఊరికైనను పోవుదువా? రాత్రి షిఫ్టు చేయుదువా?" అక్కడ "ఇంటిలో అడిగి చెబుతాను" అన్నచో పని చెడును. ఆ మాటలు ముందే ఇంట కూర్చొని తేల్చుకొనవలెను. కొన్ని చోట్ల ఇన్ని నెలలు ఉద్యోగము విడువరాదని బాండు వ్రాయించుకొందురు. సంతకమునకు ముందు ఇంటిలో ఎవరైనను దానిని చివరి గీత వరకు చదువవలెను.

సొంత సరుకు చేయు కంపెనీలు

గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ మొదలగునవి తమ సొంత సాఫ్ట్‌వేరును తామే చేసి ప్రపంచమునకు ఇచ్చునవి. ఇక్కడ ఒక ఆన్‌లైను పరీక్ష, ఆపైన అనేక దఫాల ఇంటర్వ్యూలు ఉండును. ఒక్కొక్కటి ముప్పాతిక గంటనుండి గంట. డేటా స్ట్రక్చర్లు, అల్గారిదములు అనగా సమాచారమును ఎట్లు పేర్చవలెను, పనిని ఏ వరుసలో చేసిన త్వరగా తెములును అనునవే ముఖ్యము. ఇది మాకు గ్రీకు భాష వలె ఉండెను. ఒక రాత్రి భోజనములైన తరువాత అమ్మాయిని ఒక లెక్క తెలుగులో చెప్పుమన్నాము.

"వేయి వోచర్లు ఉన్నాయనుకో నాయనా. ఏ రెండు కలిపితే సరిగ్గా 5,000 రూపాయలు వస్తుందో పట్టుకోవాలి."

మేము నవ్వినాము. మార్చి నెలాఖరున పద్దు కుదరనప్పుడు మేము చేయు పనియే అది! ప్రతి వోచరును మిగిలిన ప్రతిదానితో కలిపి చూచినచో 4,99,500 జతలగును. తెల్లవారును గాని తెమలదు. దానికి బదులు ప్రక్కన ఒక చిట్టా పెట్టుకొందుము. చేతికి 1,800 రూపాయల వోచరు వచ్చినది. దానికి జత 3,200. ఆ అంకె చిట్టాలో ఇంతకు ముందే ఉన్నదా? లేదు. అయితే 1,800 వ్రాసికొని ముందుకు పోవుదుము. తరువాత ఎప్పుడో 3,200 వచ్చినప్పుడు దాని జత చిట్టాలో దొరకును. కట్టను ఒక్కమారు తిరుగవేసిన చాలును. మేము చిట్టాను కంటితో వెదుకవలెను. కంప్యూటరులోనైతే కావలసిన అంకె ఉన్నదో లేదో వెంటనే చెప్పు చిట్టా ఉన్నదట. దాని పేరు హ్యాష్ టేబుల్. కాలము మిగులును, కాని చిట్టాకు కొంత చోటు పట్టును. ఆ లాభనష్టములు కూడ చెప్పవలెనట.

అమ్మాయి మా ముఖము చూచి, "ఇదే నాయనా, నువ్వు ఇప్పుడు చెప్పినావే, అక్కడ ఇట్లాగే పైకి చెప్పుకుంటూ చేయాలి" అన్నది.

ఆ రాత్రి మా యింట తలుపు తెరచుకొన్నది. నాటినుండి దినమునకు రెండు లెక్కలు. మేము అధికారి వలె కుర్చీలో కూర్చొందుము, అమ్మాయి ఎదుట నిలుచును. మాకు ప్రోగ్రాము అర్థము కాకున్నను, ఆమె మాట ఆగినదో లేదో తెలియును గదా! నోరు ఆగినప్పుడెల్లను బల్లపై పెన్సిలుతో తట్టెడివారము. మొదటి వారము తెలుగులో, రెండవ వారము సగము తెలుగు సగము ఇంగ్లీషు, నెల తిరుగునప్పటికి అంతయు ఇంగ్లీషులో సాగినది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషుగా పెరిగిన మన పిల్లలకు భాషలు తక్కువ కావు. ఆలోచన ఏ భాషలో పుట్టినను, మాటగా బయటికి వచ్చు అలవాటే తక్కువ.

ఆ అలవాటునకు ఒక వరుస ఉన్నది. ముందు ప్రశ్నను తిరిగి అడిగి తెలిసికొనవలెను: ఒకే వోచరును రెండు మారులు లెక్కింపవచ్చునా? జతయే లేకున్న ఏమి చెప్పవలెను? తరువాత నెమ్మదిగా పోవు మార్గము చెప్పి, అది ఎందుకు నెమ్మదియో చెప్పి, మెరుగైనది చూపవలెను. ప్రోగ్రాము వ్రాసిన పిదప చిన్న ఉదాహరణతో తామే సరిచూచుకొనవలెను. సాధనకు లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్ వంటి చోట్ల లెక్కలు దొరకును. వందల జవాబులు కంఠస్థము చేయుటకన్న, కొన్ని లెక్కలను మూలమునుండి విప్పి చెప్పగలుగుట మేలు.

అమెజాన్ వారికి పదునారు నాయకత్వ సూత్రములున్నవి. వాటిని పట్టి, "నీవు తప్పు చేసి దిద్దుకొన్న సందర్భము చెప్పుము" వంటి ప్రశ్నలు వేయుదురు. సంగతి ఏది, తన పని ఏది, చేసినదేమి, ఫలితమేమి అని నాలుగు మాటలలో చెప్పుటకు నిజముగా జరిగిన అయిదారు సంగతులు సిద్ధముగా ఉంచుకొనవలెను. కొన్ని ఏండ్ల అనుభవము గలవారినైతే, లక్షలమంది ఒక్కమారు వచ్చిపడినను తట్టుకొను ఏర్పాటును ఎట్లు కట్టుదువని కూడ అడిగెదరు.

క్రొత్తగా పుట్టిన చిన్న కంపెనీలు

కోరమంగల, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ ప్రాంతములలో ఇవి విస్తారము. ఇక్కడ కొందరు ఇంటికే పని ఇచ్చి, రెండు మూడు దినములలో చేసి తెమ్మందురు. కొందరు ఎదుట కూర్చుండబెట్టి, చెడిన ప్రోగ్రామును బాగుచేయుమందురు. పోవుటకు ముందు వారి యాప్‌ను నాలుగు దినములు వాడి చూడవలెను. తన చేతితో చేసినది ఎంత చిన్నదైనను ఒకటి చూపగలిగిన, మార్కుల పట్టీకన్న ఎక్కువ విలువ. అట్లే మనమును అడుగవలసినవి ఉన్నవి: జీతములో రొక్కమెంత, వాటాలెంత, కంపెనీ చేతిలో ఎన్ని నెలలకు చాలు డబ్బున్నది అని. అడుగుట తప్పు కాదు.

విదేశ సంస్థల సొంత కార్యాలయములు

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో తన కేంద్రమును తెరచినది. తరువాత బ్యాంకులు, దుకాణ సంస్థలు, కార్ల కంపెనీలు ఎన్నియో ఇక్కడ తమ పనికి తామే కార్యాలయములు పెట్టుకొన్నవి. వీరు ప్రోగ్రామింగుతోపాటు తమ వ్యాపారమును గూర్చియు అడుగుదురు. బ్యాంకువారైతే, "ఒక ఖాతాలో డబ్బు తగ్గినది, రెండవ ఖాతాలో చేరకముందే కరెంటు పోయినది, ఏమి చేయుదువు?" అందురు. రెండును జరుగవలెను, లేదా రెండును జరుగకూడదు అన్నది జవాబు. దీనిని డేటాబేసులో ట్రాన్సాక్షను అందురట. ఖర్చు జమ రెండు ప్రక్కలు వ్రాయకుండ పద్దు ముగింపరాదని మాకు మొదటి దినమే నేర్పినదియు ఇదే.

పెద్దలకు రెండు మాటలు

మూడవ నిరాశ తరువాత ఒక పెద్దమనిషి మా యింటికి వచ్చి, రెండు లక్షలిచ్చిన దొడ్డిదారిన ఉద్యోగము వేయింతునన్నాడు. మా యింటివారు గొలుసు తీసి బల్లపై పెట్టినారు. తాకట్టు దుకాణము మెట్లవరకు పోయి, అమ్మాయి చేయి పట్టి లాగగా తిరిగి వచ్చినాము. సరియైన కంపెనీ ఏదియు ఉద్యోగమిచ్చుటకు డబ్బడుగదు. అడిగినచో అది ఉద్యోగము కాదని తెలిసికొనుడు.

రెండవది, ఓర్పు. 2021-22లో విరివిగా చేర్చుకొన్న పెద్ద సేవా సంస్థలే 2023-24లో చేయి బిగించినవి. పిల్లలకు రాకపోవుట ఎల్లప్పుడును పిల్లల తప్పు కాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ప్రోగ్రాము వ్రాయు యంత్రములు అందరి చేతికి వచ్చినవి. ఇంటర్వ్యూలో వాటిని చాటుగా వాడుట మోసము. పట్టుబడినచో పేరు పోవును. వాడుమని వారే చెప్పినచోట కూడ, యంత్రము వ్రాసినది ఎందుకు సరియో, ఎక్కడ తప్పో నోటితో చెప్పవలసినవాడు మనిషియే.

మా అమ్మాయికి నాలుగవ చోట, ఒక విదేశపు బ్యాంకు కార్యాలయములో పని దొరికినది. అక్కడను ఒక లెక్క సగములో నిలిచిపోయినదట. "ఇక్కడి వరకు వచ్చినాను, ఈ కారణమువలన ముందుకు పోలేకున్నాను" అని పైకి చెప్పినదట. అధికారి ఒక చిన్న సూచన ఇచ్చినాడు, దారి దొరికినది. నోరు విప్పకున్న ఆ సూచన ఎట్లు వచ్చును?

మన సంఘములో ఈ ఉద్యోగములు చేయుచున్న యువకులు, యువతులు కొందరున్నారు. నెలకొక ఆదివారము మన గదిలో కూర్చొని, చదువు ముగించుచున్న పిల్లలను ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసినచో ఎంత మేలగును! వారు రాలేని దినము మేము వచ్చెదము. మాకు ప్రోగ్రాము రాదు. పెన్సిలు మాత్రమున్నది.