జీపుకు ఊపిరి గొట్టం.. రక్షణ ఇంజిన్‌కే, ప్రయాణికులకు కాదు

డొంకరాయి: నైరుతి రుతుపవనాలు మొదలయ్యాయంటే మన్యంలో జీపు నడిపేవారికి ఘాట్ మలుపుల కంటే వాగులే పెద్ద పరీక్ష. సీలేరు నుంచి డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు చేరే అటవీ మార్గం నుంచి లోపలి గ్రామాలకు చీలిపోయే మట్టిబాటలకు కొండవాగులు అడ్డు తగులుతుంటాయి. సంతకు వెళ్లేవారికైనా, ఆస్పత్రికి తరలించవలసిన రోగికైనా అందుబాటులో ఉండేది ఒక్క సర్వీసు జీపే. అది వాగు నడుమ ఆగిపోతే లోపలున్న వారి ప్రాణాలకే ముప్పు. ఈ నేపథ్యంలో ఇంజిన్‌కు గాలిని పైనుంచి అందించే ‘స్నార్కెల్’ అనే గొట్టంపై వాహనచోదకులకు ఆసక్తి కలగడం సహజం. షెడ్డులో సొంతంగా తయారు చేసుకోవడం అసాధ్యమూ కాదు. అయితే అది ఏ పని చేస్తుంది, ఏ పని చేయదన్నది ముందుగా తెలుసుకోవాలి.

స్నార్కెల్ అనే మాట జలాంతర్గాముల నుంచి వచ్చింది. నీటి అడుగున ఉంటూనే డీజిల్ ఇంజిన్ నడిపేందుకు పైకి లేపే గాలిగొట్టాన్ని డచ్ నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధానికి ముందే వాడింది. యుద్ధకాలంలో జర్మన్ల యూ-బోట్లు దానిని అందిపుచ్చుకున్నాయి. జీపుకు అమర్చేదీ అదే సూత్రం.

ఇంజిన్ ఎందుకు విరుగుతుంది?

డీజిల్ ఇంజిన్ గాలిని పీల్చి, బాగా నొక్కి, ఆ వేడికి ఇంధనాన్ని మండిస్తుంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఒక్కో సిలిండరు సుమారు 625 ఘన సెంటీమీటర్లు. ఒత్తిడి నిష్పత్తి 18:1 ఉంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 37 మిల్లీలీటర్లే. సంతలో ఇచ్చే చిన్న టీ కప్పులో సగం! అంతకు మించి నీరు చేరితే పిస్టన్ ఆగిపోతుంది. తిరుగుతున్న క్రాంక్ మాత్రం ఆగదు. మధ్యనున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది లేదా విరిగి ఇంజిన్ గోడనే చీల్చుతుంది. మెకానిక్‌లు దీనినే ‘హైడ్రోలాక్’ అంటారు. ఆ తర్వాత ఇంజిన్ మొత్తం విప్పవలసిందే.

చాలా వాహనాలలో గాలి పీల్చే మూతి బానెట్ కిందనే, హెడ్‌లైట్ల ఎత్తులోనే ఉంటుంది. నీరు అంత ఎత్తున లేకున్నా, వేగంగా దిగితే ముందు లేచే అలే అక్కడికి చేరుతుంది.

తయారీలో కిటుకులు

మొదట గొట్టం వెడల్పు చూడాలి. ఇదే 2.5 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సుమారు 2,500 లీటర్ల గాలి పీలుస్తుంది. అందువల్ల కొత్త గొట్టం లోపలి వ్యాసం కంపెనీ ఇచ్చిన మూతి కంటే తక్కువ కాకూడదు. వ్యాసం సగమైతే గాలి దారి నాలుగో వంతుకు పడిపోతుంది. జీపు ఘాట్ ఎక్కలేక నల్లటి పొగ కక్కుతుంది. వంపులు వీలైనంత తక్కువగా ఉండాలి.

బయట భాగానికి మందపాటి పీవీసీ గొట్టం సరిపోతుంది. బానెట్ లోపల మాత్రం వేడికి అది మెత్తబడి వంగుతుంది కనుక సైలెన్సరు షాపులో వంచి ఇచ్చే ఇనుప గొట్టం వాడడం మేలు. గొట్టాలను కలిపే రబ్బరు హోస్ కూడా మందంగా, లోపల తీగ చుట్టు ఉన్నదై ఉండాలి. పలుచటి హోస్ పీల్పుకు చప్పిడిపోయి గాలిని ఆపేస్తుంది. గొట్టాన్ని ఎయిర్ ఫిల్టరుకు ముందే కలపాలి, తర్వాత కలిపితే దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. మడ్‌గార్డు పక్కన రేకు కోసిన చోట రబ్బరు అంచు వేసి, రెడాక్సైడ్ పూయకపోతే రెండు వానలకే తుప్పు పడుతుంది. పైభాగాన్ని విండ్‌స్క్రీన్ ఫ్రేముకు గట్టిగా బిగించాలి. అడవి బాటలో కొమ్మలు తగిలేది అక్కడే. మూతికి జాలీ ఉండాలి, లేకుంటే కందిరీగలు గూడు కడతాయి.

అసలు పని ఫిల్టరు డబ్బా వద్ద ఉంది. నీరు, దుమ్ము బయటకు పోయేందుకు దాని అడుగున చిన్న రంధ్రమో రబ్బరు వాల్వో ఉంటుంది. మూత అంచున రబ్బరు ఎండి పగిలి ఉండవచ్చు. వీటిని వదిలేసి పైన ఎంత అందమైన గొట్టం పెట్టినా, మునిగిన చోట నుంచి ఇంజిన్ నీటిని పీల్చుకుంటుంది. కారుతున్న గొట్టం ఉన్నదానికంటే లేకపోవడమే నయం. లేనివాడు కనీసం భయపడతాడు.

బిగింపు సరిగా ఉన్నదో లేదో తెలుసుకునే పరీక్ష సులువు. నేల మీద జీపును నిలిపి, ఇంజిన్‌ను నెమ్మదిగా నడుస్తుండగా గొట్టం మూతిని రబ్బరు అతికించిన చెక్కతో పూర్తిగా మూయాలి. కొద్ది క్షణాలలో ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే బిగింపు బాగున్నట్లు. ఏమీ జరగనట్లు నడుస్తూనే ఉంటే ఎక్కడో కారుతోంది. ఆ జీపును నీటిలో దింపరాదు.

గొట్టం కాపాడనివి

ఫోర్స్ గూర్ఖాకు కంపెనీయే స్నార్కెల్ అమర్చి ఇస్తోంది. అయినా ఆ వాహనం దాటగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 700 మిల్లీమీటర్లు మాత్రమే. స్నార్కెల్ లేకుండా 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు చెప్పిన లోతు 650 మిల్లీమీటర్లు. తేడా రెండంగుళాలు! గొట్టం మూతి ఇంటికప్పు ఎత్తున ఉన్నా కంపెనీ అంతకు మించి భరోసా ఇవ్వకపోవడం గమనార్హం. గాలి దారి ఒక్కటే కాదు, నీరు దూరే దారులు ఇంకా ఉన్నాయి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ గుండా నీటిని లాక్కుంటుంది. దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకు తేవాలి. గేరుబాక్సుకూ అంతే. దాటిన తర్వాత ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీరు చేరినట్లే, వెంటనే మార్చాలి. ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు తడిసే ముప్పు ఎలాగూ ఉంది.

అన్నింటికీ మించినది ప్రవాహం. నీటి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది. పైగా తలుపులు మూసిన వాహనం నేలమట్టానికి పైన మునిగే ప్రతి 10 సెంటీమీటర్లకూ సుమారు అర టన్ను తేలికవుతుంది. టైర్లు నేలను పట్టుకోలేని జీపుకు గొట్టం ఎంత ఎత్తున ఉన్నా ఒకటే. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరిన నాటి వరదలో శబరి వెనక్కి తన్నింది. అటువంటి ఎగపోటు నీటిలో ప్రమాదం లోతుది, కనిపించని గుంతలది. కొండవాగులో ప్రమాదం వేగానిది. వాగులో నీరు మోకాలు దాటి, అడుగు కనిపించకుండా ఎర్రగా పారుతుంటే ఆగి తగ్గే వరకు వేచి ఉండడమే మార్గం. డొంకరాయి జలాశయం పూర్తిస్థాయి మట్టం 1,037 అడుగులు. దానికి చేరువైతే గేట్లు ఎత్తుతారు. అప్పుడు ఇక్కడ వాన లేకున్నా దిగువన సీలేరు పెరుగుతుంది.

నిలకడ నీటిలో, తెలిసిన అడుగున ఈ గొట్టం ఉపయోగపడుతుంది. వేసవిలో ముందు వాహనం లేపే దుమ్ముకు పైన గాలి పీల్చుకోవడమూ నిజమైన లాభమే. బహుశా ఏడాదిలో ఎక్కువ రోజులు కలిగే లాభం అదే.

నీటిలో ఇంజిన్ ఆగితే మళ్లీ తాళం తిప్పరాదు. ఆగినప్పుడు చెడని రాడ్ ఆ ఒక్క ప్రయత్నానికి విరగవచ్చు. ప్రయాణికులను దించి, జీపును బయటకు లాగి, ఇంజెక్టర్లు తీసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీరు తీయించాకే స్టార్ట్ చేయాలి. నీటి వల్ల చెడిన ఇంజిన్‌కు సాధారణ బీమా చాలావరకు వర్తించదు, ‘ఇంజిన్ ప్రొటెక్షన్’ అనే అదనపు రక్షణ తీసుకుని ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహన నిర్మాణాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసింది. రేకు కోయడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థ వద్దనూ అడిగి రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి.