కండరంలో దాగిన శక్తి



పాఠశాల మైదానంలో పరుగుపందెం మొదలవుతున్నది. ఈల మోగిన మరుక్షణమే మీ కాళ్ళు కదులుతాయి. ఊపిరి వేగం ఇంకా పెరగలేదు. ఉదయం తిన్న ఇడ్లీ ఇంకా పూర్తిగా జీర్ణం కాలేదు. మరి ఆ మొదటి అడుగులకు కావలసిన శక్తి ఎక్కడి నుండి వచ్చినది? నూరు సంవత్సరాల క్రితం ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఎవరికీ తెలియదు. దానిని వెదికి కనుగొన్నవారిలో తెలుగు శాస్త్రవేత్త ఒకరు ఉన్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరుకున్నారు. చేతిలో ధనం లేనందున ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు సాగించారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి పరిశోధన ఆరంభించారు.

మొదట వారిద్దరూ శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని రూపొందించి, 1925లో ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవానికి కొన్ని రసాయనాలను కలిపితే అది నీలిరంగుకు మారుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు.

ఇదే పద్ధతితో కండరాల సారాన్ని పరీక్షించినప్పుడు ఒక వింత కనబడినది. నీలిరంగు వెంటనే రాక, కొద్దికొద్దిగా, ఆలస్యంగా చిక్కబడినది. మరొకరైతే రసాయనం పాడైనదని దానిని పారబోసేవారేమో! వీరు మాత్రం “ఇట్లా ఎందుకు జరుగుతున్నది?” అని ఆలోచించారు. కండరంలో భాస్వరం క్రియాటిన్ అనే పదార్థంతో జతకట్టి ఉన్నదనీ, ఆ జత మెల్లగా విడిపోతున్నందువల్లనే రంగు ఆలస్యమవుతున్నదనీ గ్రహించారు. 1927లో వెల్లడైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది; విశ్రాంతి దొరకగానే తిరిగి పెరుగుతుంది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా దీనిని గుర్తించారు.

1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరంలో ఏటీపీ అనే మరొక పదార్థాన్ని కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా దీనిని కనుగొన్నారు. మన కండరాలు నేరుగా వాడుకొనే శక్తి ఏటీపీయే.

దీనిని భోజనంతో పోల్చి చూద్దాం. ఏటీపీ చేతిలోని అన్నపు ముద్ద వంటిది. అది కొద్ది సెకన్లలోనే అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పక్కనే ఉన్న గిన్నెలోని అన్నం. అది మరికొన్ని సెకన్లు ఆదుకుంటుంది. కండరాలలోనూ కాలేయంలోనూ నిలువ ఉన్న చక్కెర వంటింటి డబ్బాలోని బియ్యం. వండితే కాని తినలేము. ఇక కొవ్వు గాదెలో పోసిన ధాన్యం. దంచి, చెరిగి, వండుకోవాలి. అందుకు సమయం పడుతుంది, కాని ఆ నిలువ చాలా పెద్దది. ఒక గ్రాము చక్కెర సుమారు 4 కిలోకాలరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు సుమారు 9 కిలోకాలరీలు ఇస్తుంది.

కనుక కొవ్వు వట్టి బరువు కాదు. శరీరం ముందుచూపుతో దాచుకొన్న సంపద. ఎక్కువసేపు నడిచినప్పుడు కొవ్వు కణాలు తమ నిలువను రక్తంలోకి విడుదల చేస్తాయి. కండరాలు దానిని ప్రాణవాయువుతో మండించి ఏటీపీని తయారుచేసుకుంటాయి. అట్లా కరిగిన కొవ్వు చాలావరకు చెమటగా పోదు. బొగ్గుపులుసు వాయువుగా మారి మన ఊపిరితో బయటకు పోతుంది!

సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఎన్నో ఔషధాల పరిశోధనకు నాయకత్వం వహించారు. స్వదేశానికి తిరిగి వెళ్ళకుండానే 1948 ఆగస్టులో న్యూయార్కులో మరణించారు.

విద్యార్థులారా! మీరు చేసిన ప్రయోగం అనుకొన్నట్లు రాకపోతే వెంటనే కొట్టివేయకండి. ఏమి జరిగినదో ఉన్నది ఉన్నట్లు పుస్తకంలో వ్రాసుకొని, ఎందుకు జరిగినదో మీ గురువుగారిని అడగండి. ఆలస్యంగా వచ్చిన ఒక నీలిరంగే మన మొదటి అడుగు రహస్యాన్ని లోకానికి తెలిపినది కదా!