ఆకు మీద ఒక రాత్రి

పటమటలో మా ఇంటి నుంచి ఆటోనగర్ నడిచి వెళ్ళేంత దూరం. తెల్లారకముందే అక్కడ కంప్రెసర్లు మోగుతుంటాయి. లారీ టైరుకు గాలి పట్టే కుర్రాడు గేజీ వంక చూస్తూ గొట్టాన్ని వాల్వుకు అదిమి పట్టుకుంటాడు. ముల్లు నూటపది దాటాక చెయ్యి తీసేస్తాడు. టన్నులకొద్దీ సరుకును మోసేది ఆ గాలే. దానికి పదింతల ఒత్తిడిని, వెంట్రుక మందంలో ఏ ఎనిమిదో వంతో ఉండే ఒక కణం రాత్రికి రాత్రే తనలో పుట్టించుకుంటుందని మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు.

ఆ కణం మనకు దూరంగా ఏమీ లేదు. బందరు రోడ్డు పట్టుకుని కానూరు, పోరంకి, పెనమలూరు దాటితే కాలవ కింద వరి మొదలవుతుంది. ఆ వరి ఆకుల మీదే దాని కాపురం. శాస్త్రవేత్తలు ఆ బూజును మాగ్నపోర్తే ఒరైజే అంటారు. రైతుకు అది అగ్గితెగులు. తెగులు ముదిరిన మడిని గట్టు మీద నుంచి చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. పచ్చటి చేలో అక్కడక్కడా నిప్పు అంటించి ఆర్పినట్టు ఉంటుంది.

పోయిన కార్తీకంలో కంకిపాడు దగ్గర మా మావయ్య పొలానికి కోడి కూయకముందే వెళ్ళాను. చేను సాంబమసూరి, పొట్ట మీద ఉంది. టార్చి వేసి ఆకు దగ్గరికి వంగాను. మైనం పూసినట్టుండే వరి ఆకు నీటిని పరుచుకోనివ్వదు, మంచంతా పూసలు పూసలుగా నిలబడింది. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళ దాకా తడిసిపోయాను.

"ఏరా, పాముగాని కనిపించిందా?" అన్నాడు మావయ్య గట్టు మీద నుంచి.

"లేదు మావయ్యా. మంచు చూస్తున్నా."

నిజంగా చూడాల్సింది ఆ మంచునే. గాలిలో కొట్టుకొచ్చే ఈ బూజు విత్తనం, అంటే సిద్ధబీజం, బేరిపండు ఆకారంలో మూడు గదులతో ఉంటుంది. పొడి ఆకు మీద పడితే గాలికి లేచిపోతుంది. తడి తగిలితే కొసలో దాచుకున్న జిగురు ఉబికి, జారుడు మైనానికి అతుక్కుంటుంది. రెండు గంటల్లోపే మొలకెత్తి సన్నటి తంతువు సాగుతుంది.

ఈ తంతువు పెరిగే తీరు మొక్కలాంటిది కాదు, మన ఒంటిలాంటిదీ కాదు. ఆవకాయ జాడీలో పట్టే బూజైనా, తడిసిన గోడ మీదిదైనా, చేలో తెగులైనా పెరిగేది కొసలోనే. గోడ కట్టడానికి కావాల్సిన సరుకును చిన్న చిన్న సంచుల్లో నింపి, లోపల పరచుకున్న పట్టాల వంటి నాళికల మీదుగా ప్రొటీన్ కూలీలు కొసకు మోస్తుంటాయి. సంచులన్నీ అక్కడ ఒక ముద్దగా పోగవుతాయి. ఆ ముద్దకు జర్మన్ భాషలో స్పిట్జెన్‌కోర్పర్ అని పేరు పెట్టారు, కొసలో ఉండే ముద్ద అనే అర్థం. అది ఏ దిక్కుకు జరిగితే తంతువు ఆ దిక్కుకు తిరుగుతుంది.

వరి ఆకు మీద మాత్రం ఈ తంతువు ఎక్కువ దూరం పోదు. కింద ఉన్నది గట్టిదో కాదో, నీరు అంటని జిడ్డు తలమో కాదో తడిమి చూసుకుంటుంది. అవునని తేలితే ఆగి, కొసను గుండ్రంగా ఉబ్బించుకుంటుంది. ఈ పరీక్షకు వరి ఆకే ఉండాలని లేదు. ప్రయోగశాలలో ప్లాస్టిక్ పొర మీద వేసినా ఇదే పని చేస్తుంది. ఉబ్బిన ఈ బుడగే అప్రెసోరియం. ఇది తయారవుతుంటే వెనకనున్న సిద్ధబీజం తన మూడు గదుల్లోని కొవ్వును, పిండిపదార్థాన్ని, చివరికి తన సొంత భాగాలను కూడా అరిగించి ముందుకు పంపి, తాను చచ్చిపోతుంది. కణం తనను తాను తినే ఈ పద్ధతిని ఈస్టులో విప్పి చెప్పినందుకే జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. వరి ఆకు మీద ఆ విద్య రోజూ రాత్రి మనకు వ్యతిరేకంగా జరుగుతోంది.

అలా చేరిన సరుకు బుడగలో గ్లిజరిన్‌గా మారుతుంది. గ్లిజరిన్ చిక్కబడేకొద్దీ బయటి మంచునీటిని లోపలికి లాక్కుంటుంది. నీరు వస్తుంది, గ్లిజరిన్ బయటికి పోదు. ఎందుకంటే బుడగ లోపలి గోడకు మెలనిన్ పూత ఉంటుంది. మన జుట్టును నల్లగా ఉంచే కుటుంబానికి చెందిన రంగే ఇది. నీరు లోపల చేరి ఒత్తిడి పెరుగుతుంది. 1991లో రిచర్డ్ హోవర్డ్ బృందం కొలిస్తే అది ఎనిమిది మెగాపాస్కల్స్ దాకా వచ్చింది, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 80 రెట్లు. బుడగ అడుగున మాత్రం ఒక చిన్న రంధ్రం దగ్గర మెలనిన్ ఉండదు. 2012లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో నికొలస్ టాల్బట్ బృందం ఆ రంధ్రం చుట్టూ సెప్టిన్ అనే ప్రొటీన్లు ఉంగరంలా బిగుసుకుంటాయని చూపించింది. ఆ ఉంగరంలోంచి సూదిమొన లాంటి మేకు దిగి ఆకు తోలును చీల్చుకుని లోపలికి పోతుంది. మర్నాటికల్లా పని అయిపోతుంది. ఆకు మీద మచ్చ కూడా ఉండదు.

ఇక్కడే మన మందు సంగతి. కొట్లో అడిగి తెచ్చుకునే ట్రైసైక్లజోల్ ఈ బూజును చంపదు. మెలనిన్ తయారీని ఆపుతుంది, అంతే. పూత లేని బుడగలో గ్లిజరిన్ నిలవదు, ఒత్తిడి పుట్టదు, మేకు దిగదు. లీటరు నీటికి 0.6 గ్రాముల మందు ఒక టైరుకు గాలి ఎక్కకుండా చేసినట్టు. అంటే అది రాబోయే రాత్రుల్ని కాస్తుంది, గడిచిన రాత్రిని కాదు. మచ్చ కనిపించాక కొట్టి, మచ్చ మానలేదని ఇంకో మోతాదు కొట్టే రైతుల్ని నేను చూశాను. వాళ్ళ తప్పు కాదు. మందు పేరు చెప్పినవాళ్ళు అది ఏం చేస్తుందో చెప్పలేదు. పైగా 2017లో ఐరోపా సమాఖ్య బియ్యంలో ఈ మందు అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించింది. అవసరం లేని ప్రతి మోతాదూ బియ్యంతో పాటు ప్రయాణం చేస్తుందని ఎగుమతిదారులకు అప్పుడు అర్థమైంది.

ఇదే తెగులుకు వాడే ఇంకో మందు కసుగామైసిన్ కథ నాకు ఇష్టం. జపాన్‌లోని నారా పట్టణంలో కసుగా అనే ప్రాచీన ఆలయం ఉంది. అక్కడి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1960లలో ఈ మందును వేరు చేశారు. గుడి పేరే దానికి వచ్చింది.

మళ్ళీ ఆకు దగ్గరికి వస్తే, లోపలికి పోయిన బూజు వెంటనే కణాన్ని చంపదు. వరి కణం పొరనే దుప్పటిలా కప్పుకుని, మొక్క కాపలాను నిద్రపుచ్చే ప్రొటీన్లు వదులుతూ, కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నటి దారుల్లో పక్క గదికి జారుకుంటుంది. నాలుగైదు రోజులకు గాని నూలుకండె ఆకారపు మచ్చ బయటపడదు, చుట్టూ గోధుమ రంగు అంచు, నడుమ బూడిద రంగు. ఆ బూడిదలోంచి రాత్రికి వేలకొద్దీ కొత్త సిద్ధబీజాలు లేస్తాయి. ఈనిక వేళకు అవి కంకి మెడకు తగిలితే మెడవిరుపు. మెడ నల్లబడి విరుగుతుంది, గింజ తాలు పోతుంది. తెల్లబడిన కంకిని చూసి పురుగనుకునేవాళ్ళూ ఉన్నారు. పట్టి లాగితే సులువుగా ఊడొస్తే కాండం తొలిచే పురుగు, ఊడకుండా మెడ దగ్గర నల్లగా ఉంటే ఇది.

మన దేశంలో ఈ తెగులు పెద్ద ఎత్తున విరుచుకుపడింది 1919లో, తంజావూరు డెల్టాలో. ప్రపంచం మొత్తంమీద ఏటా ఇది మింగే ధాన్యంతో ఆరు కోట్ల మందికి అన్నం పెట్టొచ్చని ఒక అంచనా. మన డెల్టాకు ప్రాణమైన సాంబమసూరి, అదే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి వచ్చింది. అన్నం అంత రుచిగా ఉండే ఆ రకానికి ఈ తెగులును తట్టుకునే శక్తి తక్కువ. పై–2, పై–54 వంటి నిరోధక జన్యువులను దానిలోకి చేర్చే పని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో జరిగింది. అయినా ఒక్క జన్యువు మీద భరోసా పెట్టుకోలేం. బూజు వదిలే ఏదో ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టడమే ఆ జన్యువు పని. బూజు ఆ ఒక్కదాన్ని మార్చుకుందా, కొన్ని పంటల్లో కాపలా వృథా.

రైతు చేతిలో ఉన్న ఉపాయాలు వేరే ఉన్నాయి. చేలో నడిస్తే వరి ఆకు చేతిని కోస్తుంది చూడండి, అది దాని తోలులోని సిలికా. ఆ సిలికా మేకుకు అడ్డు. యూరియా ఎక్కువైతే ఆకు ముదురుపచ్చగా, మెత్తగా ఎదుగుతుంది, బూజుకు లోపల మేతా ఎక్కువే. నవంబరులో మబ్బు, రాత్రి చలి, పొద్దెక్కినా ఆరని మంచు కలిసినప్పుడు యూరియా చల్లడమంటే కొలిమికి తిత్తి ఊదడమే.

ఆ తెల్లారి ఎండ ఎక్కేదాకా చేలోనే ఉన్నాం. తొమ్మిదికి కూడా ఆకుల మొదళ్ళలో తడి ఉంది. మావయ్య గట్టు వార చాలులో ఒక ఆకు తెంపి వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. అంచున ఒకే ఒక్క మచ్చ, కండెలా. ఆకును నాకిచ్చి, పంపుషెడ్డులోకి వెళ్ళి, ఆ రోజు చల్లాలని విప్పిపెట్టిన యూరియా బస్తా మూతి మళ్ళీ పురికొసతో కట్టేశాడు. తర్వాత కొడవలి తీసుకుని గట్టు మీది గడ్డి కోయడానికి కూర్చున్నాడు.