సున్నపురాయి ఊరిది, నిర్ణయం ఎవరిది?

మేళ్లచెరువు ఊరి కింద సున్నపురాయి ఉంది కాబట్టే పైన సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఇల్లు, రోడ్డు, గాలి ఇక్కడ విడివిడి సమస్యలు కావు. రాయి తవ్వితే దుమ్ము, దాన్ని తరలిస్తే లారీలు, ఆ లారీలు తిరిగే దారి పక్కనే ఇళ్లు. అధికారాలు మాత్రం ముక్కలైపోయాయి. పెద్ద సిమెంటు ప్లాంటుకు పర్యావరణ అనుమతి కేంద్రం ఇస్తుంది. ఇందిరమ్మ పథకం ఇంటికి 5 లక్షల రూపాయలు రాష్ట్రం ఇస్తుంది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామీణ గృహనిర్మాణం, రోడ్లు సహా 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పదకొండో షెడ్యూల్లో చేర్చింది. ఎంత అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. ఢిల్లీ చేతిలో అధికారం పోగుపడిందని వాదించే రాష్ట్రాలు తమ చేతిలోది కిందికి వదలకపోవడం నన్ను బాధిస్తుంది.

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుదారులు రాయల్టీపై అదనంగా 30 శాతం, వేలంలో పొందినవారు 10 శాతం కడతారు. అది తవ్వకం దెబ్బ తగిలిన ఊళ్ల కోసమే. కానీ ఆ నిధి ఖర్చు తేల్చేది దాన్ని నడిపే జిల్లా ట్రస్టు. ఆ నిర్ణయం పంచాయతీకి ఇద్దామంటే, దానికి సాంకేతిక జ్ఞానం లేదు, డబ్బు పక్కదారి పడుతుందంటారు. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు. అందుకే దుమ్ము కొలిచే పని కాలుష్య నియంత్రణ మండలికే ఉండాలి, లెక్కలకు ఆడిట్ జరగాలి. అయితే బడి వదిలే వేళ లారీలను ఆపాలా, ముందు బైపాస్ వేయాలా, మంచినీళ్లు తేవాలా అన్నది తేల్చడానికి ఇంజనీరు పట్టా అక్కర్లేదు. ఆ క్రమాన్ని గ్రామసభ నిర్ణయించాలి, ట్రస్టు దానికి కట్టుబడాలి. కాదంటే కారణం రాసివ్వాలి.