ఆయాసం వచ్చిందని పరుగు మానొద్దు

2022లో తెలంగాణలో పోలీసు ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఇలాంటి ఉద్యోగాల కోసం ఎందరో ఆడపిల్లలు తెల్లవారుజామునే పరుగు మొదలుపెడతారు. కొందరు నాలుగు రోజులకే మానేస్తారు. "నా వల్ల కాదు" అంటారు.

ఎందుకిలా?

మొదటి రోజే బలమంతా పెట్టి ఉరుకుతారు. పరిగెత్తేటప్పుడు కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. దాన్ని రక్తమే మోసుకుపోవాలి. అందుకే గుండె గబగబా కొట్టుకుంటుంది. ఆయాసం వస్తుంది. అది చేతకానితనం కాదు. ఒంటికి ఇంకా అలవాటు కాలేదు, అంతే.

ఏం చేయాలి?

ఒక నిమిషం మెల్లగా పరిగెత్తాలి. రెండు నిమిషాలు నడవాలి. ఇలా ఏడెనిమిది సార్లు చేయాలి. పరిగెత్తుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం తగ్గించాలి. మొదట్లో వారానికి మూడు రోజులు చాలు. మధ్యలో కాళ్ళకు విశ్రాంతి కావాలి. తర్వాత కొంచెం కొంచెంగా పరుగు పెంచాలి, నడక తగ్గించాలి. కొన్ని వారాలకు గుండె బలపడుతుంది. అదే దూరం తేలికవుతుంది.

ఎన్ని నిమిషాలు పరిగెత్తిందీ రాసి పెట్టుకోవాలి. నెల తర్వాత చదివితే ఎంత ముందుకు వచ్చారో తెలుస్తుంది.

మెల్లగా పరిగెత్తినా ఆయాసం తగ్గటం లేదా? రక్తం తక్కువ ఉందేమో. ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించాలి. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గకూడదు. గుండెలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగాలి. డాక్టరుకు చూపించాలి.

మీ ఇంటి ఆడపిల్ల పరుగు మానేస్తానంటోందా? ఈ పాఠం మీరే చదివి వినిపించండి.